బందరు పిన్ని గొంతు

గిలకలదిండి కాలువ మొగ దగ్గర మా పడవ లంగరు వేసుకుని ఊగుతోంది. పొద్దు అప్పుడే పైకొచ్చింది. ఎండుచేపల వాసన, డీజిలు వాసన, తడి ఇసుక వాసన, అన్నీ నాకింకా కొత్తే. వాటి మధ్య నుంచి ఒక కేక వచ్చింది చూడండి, అది మాత్రం కొత్తది కాదు. "తాడందుకోఓఓ" అని ఎవరో మరపడవ మీంచి అరిచారు. చివరి అక్షరాన్ని సాగదీసి, గాలి చేతికి అప్పజెప్పి వదిలేసిన కేక అది. ఇంజన్ల మోత దానికి ఏమాత్రం అడ్డం రాలేదు. నా చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. సముద్రం ఊసే లేని బస్తర్‌లో, బైలాడిలా కొండల కింద, బచేలి టౌన్‌షిప్‌లో మా పక్క క్వార్టర్ గుమ్మంలో నిలబడి ఒకావిడ అచ్చం ఇలాగే పిలిచేది. "సమ్మక్కాఆ" అని ఆవిడ గొంతెత్తితే ఎక్కడో వీధుల అవతల ఆడుకుంటున్న నేను ఉలిక్కిపడి పరిగెత్తుకొచ్చేదాన్ని. ఆవిడ ఊరు బందరు. ఇప్పుడు నా ఎదురుగా కనిపిస్తున్న ఒడ్డు అదే.

నేనిక్కడికి ఒక మాట వినడానికి వచ్చాను. ఆ మాటేమిటో నాకు తెలియదు. అది తెలిసిన ఆ బందరావిడ చెప్పకుండా ఊరించి ఊరించి, నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. రైలెక్కితే బందరు చేరడం ఎంతసేపు అంటారేమో. కానీ ఓడల ఊరికి రైల్లో వెళ్ళడం నాకు బాగోలేదు. విశాఖపట్నంలో తెరచాప పడవలు నేర్పేవాళ్ళున్నారని, నేర్చుకున్నవాళ్ళని చలికాలం చివర్లో ఒడ్డు వెంబడి కాకినాడ మీదుగా బందరు దాకా తీసుకెళతారని విన్న రోజే పేరిచ్చేశాను. నలభై దాటాక ఇదేం పిచ్చి అని మావాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. ఈత రాదు కదా అన్నాడు మా ఆయన. నేర్చుకుంటానన్నాను, నేర్చుకున్నాను. మా కెప్టెన్ మలయాళీ, నాతో వచ్చిన దంపతులు పుణె వాళ్ళు. ముగ్గురికీ తెలుగు ముక్క రాదు. కాబట్టి దారి పొడుగునా ఒడ్డుతో మాట్లాడే పని నాదే అయింది. మాట్లాడటమా, అది నాకు బువ్వ పెట్టే విద్య. ఆ విద్య ఎలా అబ్బిందో చెప్పాలంటే బందరు పిన్ని దగ్గర్నుంచే మొదలుపెట్టాలి.

మా నాన్నది బాసగూడ. బైలాడిలా ఇనుప గనిలో డంపర్ నడిపేవాడు. మా పక్క క్వార్టర్లో ఉండే ఎలక్ట్రీషియన్ సెలవు మీద వెళ్ళి, పెళ్ళి చేసుకుని భార్యను తీసుకొచ్చాడు. ఆవిడ దిగిన సాయంత్రమే వీధి పిల్లలం అందరం కుళాయి దగ్గర చేరి కొత్తావిడను వింతగా చూస్తున్నాం. మాలో పెద్దవాడొకడు, దుర్గ్ వైపు వాడు, "ఆంటీ, ఆప్ కహాఁ సే?" అని అడిగాడు. ఆవిడకి హిందీ అంతంతమాత్రం. కానీ ఏ ఊరని అడుగుతున్నాడో అర్థమైంది. తల పైకెత్తి "బందర్" అంది. అంతే, పిల్లలు కిందపడి దొర్లారు. హిందీలో బందర్ అంటే కోతి. కొత్త పెళ్ళికూతురు కోతుల దగ్గర్నుంచి వచ్చిందట. నేను కూడా కడుపు పట్టుకుని నవ్వాను, అబద్ధమెందుకు.

ఆవిడ తిట్టలేదు, లోపలికీ వెళ్ళలేదు. నడుం మీద చెయ్యి వేసుకుని మేం నవ్వినంతసేపూ మమ్మల్నే చూస్తూ నిలబడింది. నవ్వు ఎంతసేపని ఉంటుంది చెప్పండి? ఒక్కొక్కరం ఆగిపోయి, ఇప్పుడేమంటుందోనని ఆవిడ మొహంలోకి చూశాం. అప్పుడు లోపలికెళ్ళి డబ్బా తెచ్చి, "హాఁ, బందర్ సే. ఆవో, బందర్ కా లడ్డూ ఖావో" అని తలా ఒకటి చేతిలో పెట్టింది. నేతితో, బెల్లంతో నోట్లో పెట్టగానే కరిగిపోయే లడ్డు. మేం తింటూంటే గుమ్మంలో కూర్చుని, సగం హిందీ సగం తెలుగులో, ఒకప్పుడు తన ఊరి ముందు దేశదేశాల ఓడలు వచ్చి నిలబడేవని, అచ్చువేసిన తమ ఊరి బట్ట కోసం తెల్లవాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు కొట్టుకు చచ్చారని చెప్పింది. బందరంటే రేవు అని, మీ హిందీలోనే బందర్‌గాహ్ అంటారు కదా, ఇంటికెళ్ళి పుస్తకం తెరిచి చూసుకోండని సవాలు చేసింది. ఆ రాత్రి నిజంగానే పుస్తకాలు తిరగేసిన పిల్లలున్నారు.

మొగుడికి మాత్రం తల కొట్టేసినట్టయింది. ఇకనుంచి ఎవరడిగినా మచిలీపట్నం అని చెప్పమని బతిమాలాడట. ఆ మాట మా అమ్మతో చెప్పి పిన్ని విరగబడి నవ్వింది. "మచిలీ అంటే వీళ్ళు మచ్లీ అంటారు. కోతి కంటే చేప ఏమైనా గొప్పా అక్కా? ఉన్న పేరే చెప్పుకుంటాను" అంది. ఆంటీ అని పిలిస్తే మాత్రం పలికేది కాదు. ఆంటీలు టౌన్‌షిప్ నిండా ఉన్నారు, నన్ను పిన్నీ అను అనేది. అలా ఆవిడ మా వీధి మొత్తానికి బందరు పిన్ని అయిపోయింది. హిందీ పిల్లలు కూడా ఆ మాటే అలవాటు చేసుకున్నారు.

ఆవిడను దేవతను చేసి చెప్పడం నాకు ఇష్టం లేదు, ఆవిడకీ నచ్చదు. గొప్పలు చెప్పడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. అష్టాచెమ్మాలో తొండి ఆడేది, పట్టుకుంటే పిల్లలమని కూడా చూడకుండా పోట్లాటకి వచ్చేది. ఇంకో ఊరి మిఠాయిని ఎవరైనా మెచ్చుకుంటే ఆ పూట మాటలుండేవి కావు. అన్నిటికంటే పెద్ద విచిత్రం ఏమిటంటే, ఓడల గురించి అంత చెప్పిన మనిషి జన్మలో పడవ ఎక్కలేదు. ఎక్కితే వాంతులవుతాయేమోనని భయమట. "ఓడల ఊరిదాన్ని గానీ ఓడలదాన్ని కాను" అని దర్జాగా ఒప్పేసుకుంది. వాళ్ళ నాన్నకి రేవు ఒడ్డున టీ కొట్టు ఉండేది. చిన్నప్పుడు పిన్ని పని, కాలువలో ఆగిన పడవలకి టీ వచ్చిందని కేకేసి చెప్పడం. ఆ గొంతు అక్కడ తయారైంది.

ఇక నా సంగతి. మా ఇంట్లో మాట్లాడే తెలుగు బాసగూడ తెలుగు. ఏంది, తెల్వదు, అట్లనే అంటాం. మధ్యలో దోర్లీ వస్తుంది, గోండీ వస్తుంది, బజారుకెళితే హల్బీ వస్తుంది. నాకు అవన్నీ కలిపి ఒకే భాష. టౌన్‌షిప్‌లో మాత్రం తెలుగువాళ్ళంటే ఎక్కువగా శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి వైపు వాళ్ళు. వాళ్ళ పిల్లలకి ఆదివారాలు తెలుగు నేర్పేవారు, మా అమ్మ నన్నూ పంపింది. మొదటి రోజే మాష్టారు ఏదో అడిగితే "ఏంది సార్?" అన్నాను. గదంతా గొల్లుమంది. మర్నాడు స్కూల్లో నన్ను అందరూ "ఏంది" అని పిలిచారు. ఆ పేరు వారం తిరిగేసరికి మా వీధికీ వచ్చేసింది. నేను తెలుగు మానేశాను. బయట మానేస్తే మానేశాను, ఇంట్లో కూడా మానేశాను. అమ్మ తెలుగులో అడిగేది, నేను హిందీలో చెప్పేదాన్ని. అమ్మకి హిందీ బజారు వరకే వచ్చు. కూతురు చెప్పేది సగం అర్థమయ్యేది, సగం అయ్యేది కాదు. ఒకే కంచం ముందు కూర్చుని ఇద్దరం రెండు ఊళ్ళవాళ్ళలా ఉండేవాళ్ళం. ఓ రోజు అమ్మ పిన్ని గుమ్మంలో కూర్చుని కళ్ళు తుడుచుకోవడం చూశాను. "పిల్ల నాతోని మాట్లాడ్తలేదు. నా మాట దానికి సిగ్గయింది" అంటోంది.

పిన్ని నాకు నీతులు చెప్పలేదు. ఆ సాయంత్రం చెయ్యి పట్టుకుని రైలు కంచె దగ్గరికి తీసుకెళ్ళింది. బచేలి నుంచి ఇనుపరాయి నింపుకున్న గూడ్సు బండ్లు విశాఖపట్నం రేవుకి పోతుంటాయి. ఒక్కో బండి పోవడానికి చాలాసేపు పడుతుంది, మోత చెవులు పగలగొడుతుంది. పిన్ని నన్ను కంచె పక్కన నిలబెట్టి, తను దూరంగా వేపచెట్టు దాకా నడిచి వెళ్ళింది. బండి వస్తోంది, పోయేలోపు మీ బాసగూడ గురించి నాకో కథ చెప్పు, ఇంట్లో ఎట్లా మాట్లాడతావో అట్లానే చెప్పు, ఒక్క మాట నాకు వినపడకపోయినా మళ్ళీ మొదలు, అని ఆజ్ఞ. మొదటి రోజు నా నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఆ మోతలో పిన్ని తప్ప నన్ను ఎవరూ వినలేరు, ఎవరూ నవ్వలేరు అని అర్థమైన రోజున మాట వచ్చింది. మా ఊరి తాలిపేరు వాగు, వాగు దాటుతూ చెప్పు పోగొట్టుకున్న మా మామ, ఆ చెప్పు కోసం ఊరంతా వెతకడం, అన్నీ అరుస్తూ చెప్పాను. ఎన్నిసార్లు ఏంది అన్నానో నాకే తెలియదు. వేపచెట్టు కింద పిన్ని పగలబడి నవ్వింది. ఆ నవ్వు నా మాటకి కాదు, మా మామ చెప్పుకి. ఆ రెండు నవ్వులకీ తేడా నాకు అక్కడే తెలిసింది.

మెళకువలు తర్వాత నేర్పింది. గాలికి ఎదురు తిరిగి అరిస్తే మాట మన మొహానే పడుతుంది, గాలిని వీపుకి పెట్టుకో. గొంతు చించుకోవద్దు, చివరి అక్షరాన్ని సాగదీసి వదిలెయ్, మిగతా పని గాలి చూసుకుంటుంది. ఇవన్నీ టీ కొట్టు చదువులు. చాలా రోజులు అలా రైలు బండ్లకి కథలు చెప్పాను. ఒకసారి వెళ్ళిపోతున్న బండిని చూపించి, "మీ కొండ రోజూ సముద్రం దాకా పోతోందే. నీ మాట ఈ కంచె దగ్గర్నుంచి మీ ఇంటి దాకా పోలేదా?" అంది. ఆ రాత్రి అన్నం తింటూ అమ్మను తెలుగులో కూర అడిగాను. అమ్మ కూర రెండు గరిటెలు ఎక్కువ వేసింది.

ఆ ఏడాది తెలుగు సంఘం వార్షికోత్సవానికి వేదిక మీద ఒక్కో కార్యక్రమాన్నీ పరిచయం చేసే పని నాకివ్వమని పిన్ని పట్టుబట్టింది. సంఘం పెద్దాయన మర్యాదగానే కాదన్నారు. పిల్ల చురుకైనదే గానీ, బయట నుంచి పెద్దలొస్తారు, భాష శుద్ధంగా ఉండాలి కదమ్మా అన్నారు. "శుద్ధంగా కావాలంటే నీళ్ళు కాచుకోండి బాబాయిగారూ. సభకి మా పిల్ల చాలు" అంది పిన్ని. పైగా, ఆ పిల్ల వేదిక ఎక్కకపోతే ఆ రోజు లడ్డూలు చుట్టేది లేదని తేల్చి చెప్పింది. పెద్దాయనకి లడ్డూల మీద ఎంత ప్రేమో టౌన్‌షిప్ అంతటికీ తెలుసు. అలా నాకు మైకు దొరికింది. ఇంటికొచ్చి భయంతో నేను ఏడిస్తే, రాసుకుని చదువుతాను, ఏంది అనకుండా జాగ్రత్త పడతాను అంటే, పిన్నికి కోపం వచ్చింది. "ఏంది అనే అను. నవ్వుతారు, నవ్వనీ. నువ్వు మాత్రం పరిగెత్తకు. వాళ్ళ నవ్వు అయిపోయేదాకా నిలబడు. నవ్విన ప్రతివాడూ ఆగాక నీ మొహమే చూస్తాడు. అప్పుడు చెప్పు నీ మాట" అంది.

అలాగే జరిగింది. మొదటి నాట్యం అయ్యాక, "తర్వాతది ఏంది అంటే" అన్నాను. హాలు ముందు వరసల్లో నవ్వు మొదలై వెనక్కి పాకింది. వెనక తలుపు దగ్గర పిన్ని కనిపించింది, నడుం మీద చెయ్యి వేసుకుని. నవ్వడం లేదు, సైగలూ చెయ్యడం లేదు, ఊరికే నిలబడి ఉంది. నేనూ నిలబడ్డాను. నవ్వు సన్నబడింది, దగ్గుల్లోకి దిగింది, ఆగింది. హాలంతా నా మొహం చూస్తోంది. మైకు పక్కకి జరిపి, "తర్వాతది ఏంది అంటేఏఏ" అని సాగదీసి వదిలాను. ఒక్కరు నవ్వలేదు. తలుపు పక్కన నేల మీద కూర్చున్న డంపర్ డ్రైవర్ల ఇళ్ళ ఆడవాళ్ళలోంచి ఎవరో చప్పట్లు కొట్టారు. మా అమ్మేనని తర్వాత తెలిసింది. కిందికి దిగాక మెచ్చుకుంటుందేమోనని పిన్ని దగ్గరికి పరిగెత్తాను. వెనక వరసకి వినపడింది, ఇంటికి పద అంది, అంతే.

ఇంటికి నడుస్తూ ఆ ఊరింపు మొదలుపెట్టింది. ఇక్కడ మా ఊరి పేరుకి పట్టిన గతే అక్కడ ఈ బచేలి పేరుకీ పడుతుంది, మా రేవు ఒడ్డున నిలబడి మీ ఊరి పేరు చెప్పి చూడు అంది. ఏమంటారు పిన్నీ అంటే చెప్పదే. "వెళ్ళి వినిరా" అంది. ఆ తర్వాత నేను చదువుకున్నాను, దంతెవాడ వైపు ఒక ఆసుపత్రిలో రోగుల మాట డాక్టర్లకీ, డాక్టర్ల మాట రోగులకీ చేర్చే ఉద్యోగంలో చేరాను. గోండీలో నొప్పి చెప్పుకునే ముసలమ్మ ఉంటుంది, హిందీలో తొందరపడే డాక్టర్ ఉంటాడు, మధ్యలో నేనుంటాను. ఎవరి మాటా చిన్నబోకుండా చూడటమే నా పని. పిన్ని భర్త, మా బాబాయి, రిటైరయ్యాక వాళ్ళు రాయపూర్‌లో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయారు. ఫోన్ చేసినప్పుడల్లా పిన్ని మొదటి ప్రశ్న ఒకటే, బందరు వెళ్ళావా, విన్నావా అని. వెళతాలే అనేదాన్ని. ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఆ ఫోన్ ఇక రాదని తెలిసినా, పండగ రోజుల్లో మోగితే ముందు ఆవిడే గుర్తొస్తుంది. చెప్పలేనంత బెంగ నాకు.

మళ్ళీ మొగ దగ్గరికి వస్తాను. మొగ అంటే కాలువ సముద్రంలో కలిసేచోటు, ఇసుక మేట వేసి ఉంటుంది. పోటు వచ్చి నీళ్ళు లేస్తే తప్ప మా పడవ లోపలికి పోలేదు. నీళ్ళు లేచాయి గానీ లోతు ఎటుందో కెప్టెన్‌కి అంతుపట్టడం లేదు. నేను లేచి, గాలిని వీపుకి పెట్టుకుని, "అన్నా, లోతు ఎటు దిక్కు ఉంటదీఈఈ" అని కేకేశాను. ఇందాక తాడు కోసం అరిచిన మనిషే మొదటి కేకకే తల తిప్పాడు. చెయ్యి ఊపి, తన మరపడవను ముందు పెట్టి, మమ్మల్ని వెనకే లోపలికి తీసుకొచ్చాడు. కెప్టెన్ నా వైపు ఆశ్చర్యంగా చూశాడు.

పగలంతా ఊరు తిరిగాం. కోటలో మిగిలిన గోడలు చూశాం, ఎప్పుడో ఇక్కడికి వ్యాపారానికి వచ్చి ఇక్కడే మట్టిలో కలిసిన డచ్చివాళ్ళ సమాధులు చూశాం. ఓడలు వరసకట్టిన చోట ఇప్పుడు బురదలో పీతలు నడుస్తున్నాయి. పుణె దంపతులకి ఇదంతా నేనే చెప్పాను, పిన్ని చెప్పినట్టే, కాస్త గొప్పలు కలిపి. నా చెవులు మాత్రం వేరే పని మీద ఉన్నాయి. ఆటో అతనికి మాది బచేలి అని చెప్పాను, ఓహో అన్నాడు. లడ్డూల కొట్టాయనకి చెప్పాను, రాయపూర్ దగ్గరా అన్నాడు. ఇంతేనా, పిన్ని నన్ను ఇన్నేళ్ళు ఉత్తినే ఆడించిందా అని ఉసూరుమనిపించింది. తొండి ఆడే మనిషే కదా.

సాయంత్రం రేవు ఒడ్డున టీ కొట్టు దగ్గరికి వెళ్ళాను. దారి చూపించిన ఆయన, ఆయనతో పనిచేసేవాళ్ళు అక్కడే బల్లల మీద కూర్చుని ఉన్నారు. పొద్దున చేసిన సాయానికి దణ్ణం పెట్టాను. ఆయన జరిగి చోటిచ్చి, "ఏ ఊరమ్మా మీది?" అని అడిగాడు.

"బచేలి" అన్నాను.

"ఏంటీ, బచ్చలా?" అన్నాడు. వెనక నుంచి ఒకడు, "ఒరేయ్, అమ్మాయిది బచ్చలికూరంటరా" అన్నాడు. ఇక చూడండి, బల్లలన్నీ కదిలిపోయాయి. కొట్టువాడు టీ వడపోస్తూ వడపోస్తూ ఆపేసి మరీ నవ్వాడు.

వచ్చింది. నా కోసం ఇన్నేళ్ళుగా ఇక్కడే కాచుకుని కూర్చున్న మాట వచ్చింది. పిన్ని పెళ్ళికి ముందు, పెళ్ళికొడుకు ఏ ఊళ్ళో ఉద్యోగం అని అడిగిన ప్రతివాడూ ఈ ఒడ్డునే ఇలాగే నవ్వి ఉంటాడు. ఆ నవ్వు ముందు నిలబడటం నేర్చుకున్నాకే ఆవిడ మా కుళాయి దగ్గరికి వచ్చిందన్నమాట. నా కళ్ళు చెమ్మగిల్లాయి, కానీ నేను కదల్లేదు. నా చెయ్యి దానంతటదే నడుం మీదికి వెళ్ళింది. నవ్వు పూర్తయ్యేదాకా నిలబడ్డాను. ఒక్కొక్కరే ఆగి నా మొహం చూశారు.

"బచ్చలే అన్నా" అన్నాను. "అందుకే మాకు ఇనుము ఎక్కువ. నీ పడవ లంగరు ఏంది అనుకున్నవ్? అది మా కొండే."

మళ్ళీ నవ్వారు, ఈసారి నాతో కలిసి. ఆయన తన చేతిలోని టీ గ్లాసు నాకిచ్చి, ఇంకోటి తెమ్మని కొట్టువాడికి చెప్పాడు. కాసేపు నన్ను పరీక్షగా చూసి, "మాట ఎక్కడిదో గానీ అమ్మా, గొంతు మాత్రం మా రేవుదే" అన్నాడు.

టీ తాగి బయటికొచ్చి నిలబడ్డాను. సముద్రపు గాలి వీపుకి తగులుతోంది. అంటే నా మొహం మా కొండల వైపు ఉంది. "విన్నాను పిన్నీఈఈ" అని సాగదీసి వదిలాను. టీ కొట్టు దగ్గర ఎవరూ నవ్వలేదు.